కమ్యూనిటీ కాలేజీ నుంచి ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్‌కి ట్రాన్స్‌ఫర్: కాలిఫోర్నియాలోని తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ముందు రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో చదివి, తర్వాత యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయి మిగతా రెండేళ్లు పూర్తిచేసే దారి గురించి ఏటా ఆగస్టు నుంచి నవంబర్ దాకా ఇవే సందేహాలు, ఒకసారి పిల్లల నుంచి, ఇంకోసారి తల్లిదండ్రుల నుంచి. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను. ఇది కాలిఫోర్నియాకి మాత్రమే, టెక్సాస్, జార్జియా లాంటి చోట్ల పద్ధతులు వేరు. ఏ ప్రశ్న కావాలంటే ఆ ప్రశ్నకి నేరుగా వెళ్లిపోవచ్చు.

## నిర్ణయం తీసుకునే ముందు

ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ (ఐఈ) అంటే ఏంటి? ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ పనేనా?

కాదు. మెషీన్‌ని డిజైన్ చేయడం మెకానికల్ వాళ్ల పని. ఆ మెషీన్, దాని ముందు నిలబడే మనిషి, వచ్చే సరుకు, పట్టే టైమ్, అయ్యే ఖర్చు, ఇవన్నీ కలిసి ఎలా నడవాలో లెక్కగట్టడం ఐఈ వాళ్ల పని. ప్రాబబిలిటీ, ఆపరేషన్స్ రీసెర్చ్ (నిర్ణయాలను లెక్కలతో తేల్చడం), సిమ్యులేషన్, క్వాలిటీ కంట్రోల్, ఎర్గొనామిక్స్ (మనిషికి తగ్గట్టు పనిని అమర్చడం), సప్లై చెయిన్ ప్రధానమైన సబ్జెక్టులు. హాస్పిటల్ ఎమర్జెన్సీలో పేషెంట్లు ఎందుకు గంటలు గంటలు కూర్చోవాల్సి వస్తోంది, గోడౌన్‌లో ఏ సరుకు ఏ వరసలో పెడితే తిరగడం తగ్గుతుంది, ఒక విమానం లేటయితే మిగతా సిబ్బందిని ఎలా సర్దాలి, ఇవన్నీ ఐఈ ప్రశ్నలే. ఈ రంగానికి పునాది వేసినవాళ్లలో లిలియన్ గిల్బ్రెత్ ఒకరు, ఆవిడ 1900లో బర్క్‌లీ యూనివర్సిటీలో ఇంగ్లీష్ సాహిత్యంలో డిగ్రీ చేశారు. ఆవిడ భర్త ఫ్రాంక్ తాపీ పనిని గమనించి, ఒక్కో ఇటుక పేర్చడానికి పట్టే 18 కదలికలను ఐదు దాకా తగ్గించారు. మనిషికి శ్రమ తగ్గించి పని బాగా జరిగేలా చూడటం ఈ చదువులో నాకు అన్నిటికన్నా నచ్చే విషయం.

మా వాడికి కంప్యూటర్ సైన్స్ సీటు కష్టమంటున్నారు. ఐఈలో చేరి తర్వాత మారిపోవచ్చు కదా?

దయచేసి ఈ ప్లాన్‌తో రాకండి. యూనివర్సిటీలో చేరాక బ్రాంచ్ మారడం, ముఖ్యంగా బాగా డిమాండ్ ఉన్న బ్రాంచ్‌లోకి మారడం, ట్రాన్స్‌ఫర్ స్టూడెంట్‌కి చాలా కష్టం, ఎందుకంటే మీ దగ్గర మిగిలింది రెండేళ్లే. డేటా, ప్రాబబిలిటీ, మనుషులు పనిచేసే తీరు, ఈ మూడింటి మీద ఇష్టం ఉంటే ఐఈ చాలా మంచి చదువు, పైథాన్, ఎస్‌క్యూఎల్ కూడా బాగానే వాడతారు. కోడింగ్ ఒక్కటే ఇష్టమైతే మాత్రం కోడింగ్‌కి దగ్గరగా ఉన్న ఇంకో మేజర్ (బ్రాంచ్) చూసుకోవడం నయం.

కమ్యూనిటీ కాలేజీ అంటే చుట్టాలు చిన్నచూపు చూస్తారు. డిగ్రీ మీద ఆ పేరు ఉంటుందా?

ఉండదు. డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీ, పట్టా మీద దాని పేరే ఉంటుంది. కాలిఫోర్నియా రెసిడెంట్‌కి కమ్యూనిటీ కాలేజీ ఫీజు యూనిట్‌కి (అంటే ఒక క్రెడిట్‌కి) 46 డాలర్లు, అంటే 60 యూనిట్లకి 2,760 డాలర్లు, పుస్తకాలు, చిన్న చిన్న ఫీజులు అదనం. యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లు ట్రాన్స్‌ఫర్ సీట్లలో కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల పిల్లలకే ముందు ప్రాధాన్యం ఇస్తాయి. చుట్టాల మాటకి భయపడి ఇంటి మీద లోన్ తీసుకున్న కుటుంబాలు ఉన్నాయి, అది చూస్తే నిజంగా బాధేస్తుంది.

కాలిఫోర్నియా పబ్లిక్ యూనివర్సిటీల్లో ఐఈ ఎక్కడ ఉంది?

యూసీల్లో బర్క్‌లీ, అక్కడ దాని పేరు ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ అండ్ ఆపరేషన్స్ రీసెర్చ్. కాల్ స్టేట్‌ల్లో (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌ల్లో) శాన్ హొసే స్టేట్‌లో ఇండస్ట్రియల్ అండ్ సిస్టమ్స్ ఇంజినీరింగ్ ఉంది, శాన్ లూయిస్ ఒబిస్పో కాల్ పాలీ, పొమోనా కాల్ పాలీ, హేవర్డ్‌లోని ఈస్ట్ బేల్లో ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ ఉంది. బర్క్‌లీ ఒక్కటే పెట్టుకుని కూర్చోవద్దు. బర్క్‌లీలో గణితం, ఆప్టిమైజేషన్ వైపు మొగ్గు ఎక్కువ, కాల్ పాలీల్లో చేత్తో చేసే ల్యాబ్‌లు ఎక్కువ. శాన్ హొసేలో చదివితే సిలికాన్ వ్యాలీ కంపెనీలు పక్కనే ఉంటాయి.

## క్లాసులు ఎంచుకునేటప్పుడు

మొదటి సెమిస్టర్‌లో ఏం తీసుకోవాలి?

గణితం. మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకోవాలి. కాలిక్యులస్ వన్, టూ, మల్టీవేరియబుల్, ఆ తర్వాత లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, ఇవి ఎక్కువగా ఒకదాని వెనక ఒకటి వరసగా చేయాల్సినవి, రెండు మెట్లు ఒకేసారి ఎక్కడానికి మామూలుగా కుదరదు. కాలిక్యులస్ వన్‌తో మొదలుపెట్టినా కొన్నిసార్లు మొత్తానికి నాలుగు సెమిస్టర్లు పడుతుంది, ప్రీకాలిక్యులస్ నుంచి మొదలైతే ఇంకా ఎక్కువ. పైగా ఇంజినీర్లకు చెప్పే ఫిజిక్స్‌కి కాలిక్యులస్ ప్రీరిక్విజిట్ (ముందే పూర్తి చేయాల్సిన క్లాసు), మెకానిక్స్ తర్వాతే ఎలక్ట్రిసిటీ అండ్ మ్యాగ్నెటిజం. అంటే మొదటి సెమిస్టర్‌లో కాలిక్యులస్ క్లాసు ఫుల్ అయిందని వదిలేస్తే ఆ ఆలస్యం ఫిజిక్స్‌కి, స్టాటిక్స్‌కి, చివరికి అప్లై చేసే ఏడాదికి పాకుతుంది. వెయిట్‌లిస్ట్‌లో ఉన్నా సరే మొదటి రోజు క్లాసుకి వెళ్లి కూర్చోండి, పక్క కాలేజీలో సీటుందేమో చూడండి, సాయంత్రం సెక్షన్ అయినా పర్లేదు. గణితంతో పాటు ఇంగ్లీష్ కంపోజిషన్, ఒక ప్రోగ్రామింగ్ క్లాసు పెట్టుకుంటే మొదటి సెమిస్టర్ నిండుగా ఉంటుంది.

అసిస్ట్ డాట్ ఆర్గ్ అంటున్నారు, అది చూస్తే ఏమీ అర్థం కావట్లేదు.

మీ కాలేజీలోని ఏ క్లాసు యూనివర్సిటీలోని ఏ క్లాసుకి సమానమో చెప్పే అధికారిక పట్టిక అది. ముందు విద్యా సంవత్సరం, తర్వాత మీ కాలేజీ, తర్వాత వెళ్లాలనుకునే యూనివర్సిటీ, చివర్లో మేజర్ ఎంచుకోవాలి. ఎడమవైపు యూనివర్సిటీ అడిగే కోర్సు, కుడివైపు మీ కాలేజీలో దానికి సరిపోయే కోర్సు కనిపిస్తాయి. రెండు కోర్సుల మధ్య 'అండ్' ఉంటే రెండూ చేయాలి, 'ఆర్' ఉంటే ఒకటి చాలు, చాలామంది ఇక్కడే పొరబడతారు. సమానమైన కోర్సు లేదని రాసి ఉంటే దాన్ని పక్క కమ్యూనిటీ కాలేజీలో చేయొచ్చేమో వెతకండి. నాలుగు యూనివర్సిటీల పట్టికలు పక్కపక్కన పెట్టుకుని అన్నిటికీ పనికొచ్చే క్లాసులు ముందు చేయండి, ఒక్కదానికే కావాల్సినవి తర్వాత. ప్రతి ఏడాదీ ఆ పేజీని డౌన్‌లోడ్ చేసి దాచుకోండి, పట్టికలు మారుతుంటాయి. ఫ్రెండ్ పంపిన పాత ఎక్సెల్ షీట్‌ని నమ్మి క్లాసులు తీసుకోవద్దు.

డి ఆంజా కాలేజీలో సగం, ఒలోని కాలేజీలో సగం చేయొచ్చా?

చేయొచ్చు, కానీ ఒకే సీరీస్‌ని మధ్యలో విరవొద్దు. డి ఆంజా, ఫుట్‌హిల్ క్వార్టర్ పద్ధతిలో నడుస్తాయి, ఒలోని, మిషన్ లాంటివి సెమిస్టర్ పద్ధతిలో. కాలిక్యులస్‌ని ఒకచోట నాలుగు ముక్కలుగా చెబితే ఇంకోచోట మూడు ముక్కలుగా చెబుతారు. మధ్యలో మారితే కొన్ని పాఠాలు రెండుసార్లు వస్తాయి, కొన్ని అసలు రావు, యూనివర్సిటీ పూర్తి క్రెడిట్ ఇవ్వకపోవచ్చు కూడా. గణితం మొత్తం ఒకచోట, ఫిజిక్స్ మొత్తం ఒకచోట చేయండి. జనరల్ ఎడ్యుకేషన్ (జీఈ, అంటే ఏ మేజర్ వాళ్లయినా చేయాల్సిన సాధారణ సబ్జెక్టులు) క్లాసులు ఎక్కడ చేసినా ఇబ్బంది లేదు.

జనరల్ ఎడ్యుకేషన్ మొత్తం పూర్తి చేసి వెళ్లాలా?

2025 ఫాల్ నుంచి యూసీకి, కాల్ స్టేట్‌కి కలిపి కాల్-జెటెక్ అనే ఒకే జీఈ ప్యాటర్న్ (క్లాసుల జాబితా) వచ్చింది. ఇంజినీరింగ్ పిల్లలకు నేను చెప్పేది, ముందు మేజర్ క్లాసులు, జీఈ తర్వాతే. బర్క్‌లీ ఇంజినీరింగ్ వాళ్లు చూసేది గణితం, ఫిజిక్స్, ప్రోగ్రామింగ్ లాంటి మేజర్ కోర్సులు పూర్తయ్యాయా లేదా అని. కాల్ స్టేట్‌కి మాత్రం నాలుగు తప్పనిసరి: రైటింగ్, స్పీచ్, క్రిటికల్ థింకింగ్, గణితం, ప్రతిదాంట్లో కనీసం సి మైనస్. స్పీచ్ క్లాసుని చాలామంది చివరిదాకా తోసేస్తారు, తీరా చూస్తే సీట్లుండవు.

ఐఈకి స్టాటిక్స్, సర్క్యూట్స్, క్యాడ్ ఎందుకు?

కాల్ స్టేట్‌ల్లో ఐఈ కూడా ఇంజినీరింగ్ కాలేజీలో భాగం కాబట్టి మెటీరియల్స్, స్టాటిక్స్, సర్క్యూట్స్, డ్రాయింగ్‌లో కొన్ని అడుగుతారు. ఏవి అన్నది క్యాంపస్‌ని బట్టి మారుతుంది. వీటిని చిన్న కమ్యూనిటీ కాలేజీలు ఏడాదికి ఒక్కసారే పెడతాయి, అందుకే మొదటి ఏడాదిలోనే ఇంజినీరింగ్ డిపార్ట్‌మెంట్‌కి వెళ్లి ఏ క్లాసు ఏ సెమిస్టర్‌లో ఉంటుందో అడిగి రాసుకోండి.

హైస్కూల్లో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కాలిక్యులస్‌లో 5 వచ్చింది. కాలిక్యులస్ వన్ వదిలేయొచ్చా?

సాధారణంగా వదిలేయొచ్చు, కాకపోతే ఆ స్కోరుకి ఏ క్లాసు క్రెడిట్ ఇస్తారో మీరు వెళ్లాలనుకునే ప్రతి యూనివర్సిటీ పేజీలో విడిగా చూసుకోవాలి.

కాలిక్యులస్‌లో సి వచ్చింది. మళ్లీ చేస్తే గ్రేడ్ మారుతుందా?

సి వస్తే పాసైనట్టే, గ్రేడ్ పెంచుకోవడానికి మళ్లీ చేయనివ్వరు. సి కంటే తక్కువ గ్రేడు, అంటే డి, ఎఫ్ లాంటివి వచ్చినప్పుడే రిపీట్. ఒక క్లాసుకి కొన్ని అవకాశాలే ఉంటాయి, 'డబ్ల్యూ' (మధ్యలో మానేసినట్టు గుర్తు) పెట్టించుకున్నదీ అందులో ఒకటిగానే లెక్క. కాబట్టి సెమిస్టర్ మధ్యలో పరిస్థితి బాగోలేదనిపిస్తే డ్రాప్ డెడ్‌లైన్ లోపు ప్రొఫెసర్‌ని ఆఫీస్ అవర్స్‌లో కలిసి సూటిగా అడగండి. ఒక్క సి వల్ల అన్నీ పోవు, తర్వాతి కాలిక్యులస్‌లో ఎ తెచ్చుకుంటే ఆ ఎదుగుదల కూడా కనిపిస్తుంది.

## వీసా, ఫీజు

హెచ్-4లో (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) ఉన్నాను. చదవొచ్చా, రెసిడెంట్ ఫీజు వస్తుందా, ఇంటర్న్‌షిప్ చేయొచ్చా?

చదవొచ్చు, దానికి స్టేటస్ మార్చుకోనక్కర్లేదు. కాలిఫోర్నియాలో హెచ్-4 వాళ్లు రెసిడెన్సీ షరతులు తీరిస్తే రెసిడెంట్ ఫీజుకి అర్హులే, కనీసం ఏడాది పైన ఒక రోజు ఇక్కడ ఉండటం, ఇక్కడే ఉండిపోవాలనే ఉద్దేశానికి కాగితాలు చూపించడం ముఖ్యం. ఉద్యోగం మాత్రం కుదరదు, పిల్లల హెచ్-4కి వర్క్ పర్మిట్ రాదు, జీతమిచ్చే ఇంటర్న్‌షిప్ కూడా ఉద్యోగం కిందికే వస్తుంది. ఫెడరల్ ఫైనాన్షియల్ ఎయిడ్ కూడా రాదు.

వచ్చే ఏడాది 21 నిండుతాయి. ఏం చేయాలి?

21వ పుట్టినరోజుతో హెచ్-4 ఆగిపోతుంది. గ్రీన్ కార్డ్ క్యూలో ఏళ్ల తరబడి ఉన్న మన కుటుంబాల్లో ఎక్కువ టెన్షన్ దీని గురించే. సాధారణంగా ఎఫ్-1కి (స్టూడెంట్ వీసా) మారతారు. అలా మారితే ఫీజు లెక్క కూడా మారొచ్చు, ఎఫ్-1 మీద కొత్తగా రెసిడెన్సీ సంపాదించుకోలేరు, యూసీలో నాన్‌రెసిడెంట్‌గా లెక్కగడితే మామూలు ఫీజు మీద ఏడాదికి అదనంగా 30 వేల డాలర్లకు పైనే. ట్రాన్స్‌ఫర్ అయ్యే ఏడాదే 21 నిండితే రెండూ ఒకేసారి మీద పడతాయి. ఇరవయ్యో పుట్టినరోజుకే ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి, గ్రీన్ కార్డ్ కోసం వయసు లెక్కించేటప్పుడు కొన్ని రోజులు తీసేసే చట్టం ఉంది, అది మీకు వర్తిస్తుందా అడగండి. అలాగే కాలేజీ రెసిడెన్సీ ఆఫీసుకి ఈమెయిల్ పెట్టి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి, కౌంటర్ దగ్గర నోటిమాటగా చెప్పింది సరిపోదు.

హైదరాబాద్‌లో ఇంటర్ అయ్యాక నేరుగా ఎఫ్-1 మీద కమ్యూనిటీ కాలేజీకి రావచ్చా?

రావచ్చు, చాలా కాలేజీలు ఐ-20 (స్టూడెంట్ వీసాకి కాలేజీ ఇచ్చే పత్రం) ఇస్తాయి. ఫీజు మాత్రం యూనిట్‌కి 46 డాలర్లు కాదు, నాన్‌రెసిడెంట్ ఫీజు దానికి ఎన్నో రెట్లుంటుంది, బే ఏరియాలో ఇంటి అద్దె వేరే. టర్మ్‌కి కనీసం 12 యూనిట్లు చేయాలి, అందులో ఆన్‌లైన్ క్లాసు ఒక్కటే లెక్కలోకి వస్తుంది. మొదటి ఏడాది క్యాంపస్ బయట పని చేయకూడదు. వీసా ఇంటర్వ్యూలో "ముందు రెండేళ్లు ఇక్కడ, తర్వాత ఫలానా యూనివర్సిటీలో ఐఈ" అని కోర్సులతో సహా చెప్పగలగాలి. డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరినట్టే ఇదీ అనుకుంటారు, కానీ ఇక్కడ ర్యాంకు, కౌన్సెలింగ్ ఉండవు, రెండేళ్ల గ్రేడ్లే పరీక్ష. డబ్బు ఆదా ఒక్కటే కారణమైతే ఇది సరైన దారి అని నేననుకోను. ఇక్కడ బంధువుల ఇల్లుండి, పిల్లలకు చిన్న క్లాసుల్లో నిలదొక్కుకునే టైమ్ కావాలంటే ఆలోచించొచ్చు.

## అప్లికేషన్

ఎప్పుడు ఏం చేయాలి?

వచ్చే ఫాల్‌లో చేరాలంటే ఏడాది ముందే పని మొదలవ్వాలి. యూసీ అప్లికేషన్ ఆగస్టు 1న తెరుచుకుంటుంది, సబ్మిట్ చేసేది అక్టోబర్ 1 నుంచి నవంబర్ చివరిదాకా, ఒక్కోసారి వారాంతం వస్తే ఒకటి రెండు రోజులు కలుస్తాయి. కాల్ స్టేట్ అప్లికేషన్ కూడా ఇంచుమించు అప్పుడే. జనవరిలో యూసీకి ట్రాన్స్‌ఫర్ అకడమిక్ అప్‌డేట్ నింపాలి, అందులో ఫాల్ గ్రేడ్లు, స్ప్రింగ్ క్లాసులు రాస్తారు, దీన్ని మర్చిపోయేవాళ్లు చాలామంది. యూసీ ఫలితాలు ఏప్రిల్ చివరికి వస్తాయి, వస్తున్నట్టు చెప్పడానికి గడువు జూన్ 1. కోర్సులన్నీ చేరబోయే ముందు స్ప్రింగ్ లోపు పూర్తవ్వాలి, సమ్మర్‌కి వదిలితే లెక్కలోకి రాకపోవచ్చు.

ట్యాగ్ ఉంటే బర్క్‌లీలో సీటు గ్యారంటీ కదా?

కాదు. ట్యాగ్ అంటే ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ, యూసీల్లో అది ఇచ్చేవి డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్. బర్క్‌లీ, యూసీఎల్‌ఏ, శాన్ డియేగోల్లో ట్యాగ్ లేదు. ట్యాగ్ సెప్టెంబర్‌లోనే వేయాలి, ఒక్క క్యాంపస్‌కే, అక్కడ ఆ మేజర్‌కి ట్యాగ్ ఉందో లేదో కూడా చూసుకోవాలి.

జీపీఏ (గ్రేడ్ల సగటు) ఎంత కావాలి?

రాతలో ఉన్న కనీసం యూసీకి 2.4, నాన్‌రెసిడెంట్లకు 2.8. కాల్ స్టేట్‌కి 2.0, నాన్‌రెసిడెంట్లకు 2.4. ఇంజినీరింగ్‌లో వీటితో సీటు రాదు, శాన్ హొసే, శాన్ లూయిస్ ఒబిస్పోల్లో సీట్లకన్నా అప్లికేషన్లు ఎక్కువ. యూసీ తన వెబ్‌సైట్‌లో మేజర్ వారీగా సీటొచ్చినవాళ్ల జీపీఏ ఏ మధ్య ఉందో ప్రతి ఏడాదీ పెడుతుంది, వాట్సాప్‌లో వచ్చే అంకెలు కాకుండా అది చూడండి.

యూసీ పర్సనల్ ఇన్‌సైట్ ప్రశ్నలకు (అప్లికేషన్‌లో మన గురించి రాసే చిన్న వ్యాసాలకు) ఏం రాయాలి?

మొత్తం నాలుగు, ఒకటి తప్పనిసరి, ఏడింటిలో మూడు మీ ఇష్టం, ఒక్కోటి 350 పదాలకు మించకూడదు. తప్పనిసరిది మేజర్‌కి ఎలా సిద్ధపడ్డారన్నది, దాంట్లో చదివిన క్లాసుల పేర్లు మళ్లీ రాయకండి, అవి ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉన్నాయి. మీ చుట్టూ ఉన్న ఒక పని తీసుకోండి. లివర్‌మోర్ గుడిలో పండగ రోజు అన్నదానం లైన్‌లో వడ్డించిన పిల్లలుంటారు. లైన్ ఎక్కడ ఆగిపోతోంది, పప్పు దగ్గరా, ప్లేట్ల దగ్గరా, రెండో వరస పెడితే ఏమైంది, ఇది క్యూయింగ్ థియరీకి (లైన్లు ఎలా నడుస్తాయో లెక్కగట్టే శాస్త్రం) నేరుగా తగిలే విషయం. ఇండియన్ స్టోర్‌లో పార్ట్‌టైమ్ చేసినవాళ్లు కరివేపాకు, కొత్తిమీర ఏ రోజు ఎంత పాడవుతుందో చూసి ఆర్డర్ మార్చి ఉంటారు, అది ఇన్వెంటరీ. ఏం గమనించారు, ఏం మార్చారు, తర్వాత ఏమైంది, ఈ మూడూ మామూలు మాటల్లో రాస్తే చాలు. వందల డాలర్లిచ్చి కన్సల్టెంట్ చేత రాయించకండి, ఇరవై ఏళ్ల పిల్లల గొంతు అందులో వినిపించదు.

ఇండియాలో బీటెక్ ఒక ఏడాది చదివి ఆపేశాను. ఆ మార్కులు చెప్పకపోతే ఏమవుతుంది?

చెప్పాలి. చదివిన ప్రతి కాలేజీ రాయాల్సిందే, దాచినట్టు తేలితే వచ్చిన అడ్మిషన్ కూడా రద్దు చేస్తారు. బ్యాక్‌లాగ్‌లుంటే కామెంట్స్ పెట్టెలో రెండు మూడు వాక్యాల్లో కారణం రాయండి.

ఎక్కడా సీటు రాకపోతే ఇంకో ఏడాది ఉండొచ్చా? యూనిట్లు ఎక్కువైపోతాయంటున్నారు.

ఉండొచ్చు. కమ్యూనిటీ కాలేజీ నుంచి యూసీ 70 సెమిస్టర్ యూనిట్ల దాకానే లెక్కలోకి తీసుకుంటుంది, ఆపైన చేసిన క్లాసులకు యూనిట్లు రావు గానీ ఆ సబ్జెక్టు చేసినట్టు గుర్తిస్తారు. మీరు చదివిందంతా కమ్యూనిటీ కాలేజీలోనే అయితే యూనిట్లు ఎక్కువయ్యాయని తిరస్కరిస్తారన్న భయం అక్కర్లేదు. ఆ ఏడాదిలో మిగిలిపోయిన మేజర్ క్లాసులు పూర్తి చేయండి, ఈసారి అప్లై చేసే క్యాంపస్‌ల సంఖ్య పెంచండి. ఎఫ్-1 మీద ఉంటే ఫుల్‌టైమ్‌కి సరిపడా క్లాసులు మిగిలున్నాయో లేదో ముందే చూసుకోవాలి.

## సీటు వచ్చాక

అడ్మిషన్ వచ్చేసింది. స్ప్రింగ్‌లో కష్టంగా ఉన్న క్లాసు డ్రాప్ చేయొచ్చా?

యూనివర్సిటీని అడక్కుండా చేయొద్దు. మీకొచ్చింది షరతులతో కూడిన అడ్మిషన్, అప్లికేషన్‌లో రాసిన క్లాసులన్నీ చెప్పిన గ్రేడ్లతో పూర్తవ్వాలి. ఏదైనా మారితే వెంటనే పోర్టల్‌లో రాసి జవాబు కోసం ఆగండి.

చేరాక రెండేళ్లలో అయిపోతుందా?

చాలామందికి అవుతుంది, కొంతమందికి ఇంకో సెమిస్టర్ పడుతుంది, అది పెద్ద విషయమేం కాదు. ఆలస్యమయ్యేది ఎక్కువగా వరస వల్లే: ప్రాబబిలిటీ చేస్తేగానీ స్టొకాస్టిక్ మోడల్స్ లేదు, స్టాటిస్టిక్స్ లేకుండా క్వాలిటీ కంట్రోల్ లేదు, ఇవన్నీ అయితేగానీ చివరి ఏడాది ప్రాజెక్టు లేదు. ఓరియెంటేషన్‌లోనే అడ్వైజర్‌తో కూర్చుని మిగిలిన టర్ములకు క్లాసులు కాగితం మీద రాసుకోండి. కమ్యూనిటీ కాలేజీలో చేసిన ఎలిమెంటరీ స్టాటిస్టిక్స్‌ని కాలిక్యులస్ ఆధారంగా చెప్పే కోర్సుకి బదులుగా తీసుకోరు, మళ్లీ చేయాల్సి వస్తుంది.

మొదటి టర్మ్‌లో గ్రేడ్లు పడిపోతాయని భయంగా ఉంది.

కొంచెం తగ్గడం మామూలే. ముప్పై మంది క్లాసు నుంచి వందల మంది హాల్లోకి వస్తారు, పరీక్షలో క్లాసులో చేసిన లెక్కలాంటిది రాదు. మొదటి టర్మ్‌లో బరువైన క్లాసులు మూడుకి మించి పెట్టుకోకండి, మొదటి వారంలోనే ఒక స్టడీ గ్రూపులో చేరండి, ఐఐఎస్ఈ (ఇండస్ట్రియల్ ఇంజినీర్ల సంఘం) స్టూడెంట్ చాప్టర్‌కి వెళ్తే మీకంటే ఏడాది ముందు ట్రాన్స్‌ఫర్ అయి వచ్చినవాళ్లు దొరుకుతారు. ఇంట్లోవాళ్లకి ఒక మాట, ఆ టర్మ్‌లో గ్రేడ్ల గురించి రోజూ అడక్కండి, తిన్నావా అని అడిగితే చాలు.

ఇంటర్న్‌షిప్ ఎప్పుడు వెతకాలి? ఎఫ్-1 వాళ్లకి ఏమైనా అడ్డంకులా?

చేరిన కొన్ని వారాలకే ఫాల్ కెరీర్ ఫెయిర్ ఉంటుంది, వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్‌లు చాలావరకు అప్పుడే భర్తీ అవుతాయి. అందుకే చేరేముందు సమ్మర్‌లోనే రెజ్యూమె సిద్ధం చేసుకోండి, ఎక్సెల్ బాగా నేర్చుకోండి, పైథాన్‌తో ఒక చిన్న క్యూ సిమ్యులేషన్ రాసి పెట్టుకోండి, ఇంటర్వ్యూలో మాట్లాడటానికి అది చాలు. హాస్పిటళ్లు, గోడౌన్‌లు, చిప్ ఫ్యాక్టరీలు, విమాన సంస్థలు, అన్నిచోట్లా ఐఈ వాళ్లకి పనుంటుంది, టెక్ కంపెనీల కోసమే ఎదురుచూడొద్దు. ఎఫ్-1 వాళ్లు ఒక పూర్తి విద్యా సంవత్సరం అయ్యాకే సీపీటీకి (చదువులో భాగంగా చేసే పనికి అనుమతి) అర్హులు, ఆఫర్ వచ్చినా ఇంటర్నేషనల్ ఆఫీసు అనుమతి కొత్త ఐ-20 మీద వచ్చేదాకా పని మొదలుపెట్టకూడదు. డిగ్రీ తర్వాత 12 నెలల ఓపీటీ (చదివిన రంగంలో పని చేసే అనుమతి) ఉంటుంది, ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉంది కాబట్టి ఇంకో 24 నెలల పొడిగింపుకి అప్లై చేసుకోవచ్చు.